ఈవేళ వంతు ఎవరిది

గోడవైపు తిరిగి కూర్చోమన్నారు, కూర్చుంది. మొగుడు పోయిన ఆడది నలుగురికీ మొహం చూపించకూడదు, గుడారం గోడకేసి చూస్తూ శోకాలు పెట్టాలి, పరామర్శకి వచ్చినవాళ్ళు వెనకనుంచే మీదపడి ఏడుస్తారు, వచ్చిందెవరో ఆ ఏడుపుని బట్టి పోల్చుకోవాలి. తుర్సునైకి పొద్దున్నుంచీ ఎవరినీ పోల్చుకోవాల్సిన పని పడలేదు. ఊరు ఊరంతా వాకిట్లోనే ఉంది, మాటలు వినబడుతున్నాయి, దగ్గులు వినబడుతున్నాయి, ఎవరో చెంబు కింద పడేసి తమని తామే తిట్టుకోవడం కూడా వినబడింది, కానీ ఒక్క ఆడమనిషీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆమె వెనక, తెర అవతల, ఎసెన్‌కుల్ పడుకుని ఉన్నాడు. పడుకుని ఉన్నాడనే అనుకుంటోంది తెల్లవారినప్పటి నుంచీ. తెల్లగుడ్డ కప్పారు, గడ్డం కింద గుడ్డపీలిక కట్టారు, కొండగాలి తగిలేవైపు పెట్టారు. ఎండాకాలం గదా, శవం ఆగదు, పొద్దుగూకేలోగా మట్టిచెయ్యాలి. ఎక్కడ చెయ్యాలన్నదే ఇంకా తేలలేదు.

గాలి ఆడాలని గుడారం చుట్టూ కప్పిన ఉన్నిదుప్పట్లని అడుగున జానెడు మేర పైకి చుట్టారు. ఆ జానెడు సందులోంచి, అడ్డకర్రల అల్లికలోంచి లోకం కాళ్ళవరకూ కనబడుతోంది. అన్నీ కాళ్ళే. ముల్లాగారి మెత్తటి తోలు మేజోళ్ళు, వాటిమీద నిగనిగలాడే రబ్బరు జోళ్ళు. లారీవాడి చెప్పులు, వాడు పై ఊరివాడు, ఈ గొడవ వాడికేం పట్టదు, మాటిమాటికీ పోయి ఇంజను వేసి చూసుకుని వస్తున్నాడు. కొయ్యకి కట్టేసిన గుర్రం కాళ్ళు, చావుభోజనానికి కోయాల్సిన గుర్రం, కోయమనో వద్దనో చెప్పే నాథుడు లేక పొద్దున్నుంచీ ఈగలు తోలుకుంటూ నుంచుంది, ఇవాళ కలిసొచ్చింది దానికొక్కదానికే. ఆ పక్కనున్న పాత బూట్లు, మడమ దగ్గర ఇనపతీగతో కుట్టుకున్నవి, బావగారివి. జుమాబెక్, ఎసెన్‌కుల్ సొంత అన్న. ఆ బూట్ల పక్కన కర్రమొన కనబడాలి. కనబడటం లేదు. కర్రని చంకలో పెట్టుకున్నాడు. చావింట తోడబుట్టినవాడు నడుముకి గుడ్డ బిగించి, గుడారం గుమ్మం పక్కన కర్ర నేలకి ఆనించి, దానిమీద వాలి, నా తమ్ముడా అని ఊరు దద్దరిల్లేలా కేకపెట్టి ఏడవాలి. ఆ కేక వింటేనే వచ్చినవాళ్ళు గేటు దగ్గర్నుంచే ఏడుపు అందుకుంటారు, ఆడవాళ్ళు లోపలికొస్తారు, గుర్రాన్ని కోస్తారు, కుర్రకారు పారలు భుజాన వేసుకుని గోరీల గుట్టకి బయల్దేరతారు. ఆ కేక లేకపోతే లోపలున్నవాడు ఎవరికీ ఏమీ కానివాడు. తుర్సునై రెండు చెవులూ పొద్దున్నుంచీ ఆ కేకకోసమే కాచుకుని ఉన్నాయి, చేతులు ఒళ్ళో ఉన్నాయి, కాళ్ళు తిమ్మిరెక్కి చాలాసేపైంది.

ఈసాని, ఆ ఏసు ప్రభువుని, నమ్మినవాడికి గోరీల గుట్టలో చోటు లేదన్నారు ముల్లాగారు. కోపంగా కూడా అనలేదు, బజారులో సరుకు లేదన్నట్టు అన్నారు. పట్నంలో రష్యావాళ్ళ సమాధులున్నాయి, శిలువలు పాతినవి, అక్కడికి తీసుకుపొమ్మన్నారు, లారీ కూడా ఆయనే పిలిపించారు, ఆ మాత్రం దయ చూపించారు. కనుమ దిగి, వంతెన దాటి, సగం రోజు ప్రయాణం. అక్కడ పక్కనెవరుంటారు ఎసెన్‌కుల్‌కి? పేరు కూడా పలకలేని ఎవరెవరో ముసలమ్మలు. ఇక్కడైతే వాళ్ళ నాన్న ఉన్నాడు, గుట్ట అంచున, మట్టిగోడ వారగా. మామగారు బతికున్నప్పుడు తనే ఏరుకున్న చోటు. గోడకి అవతలిది జుమాబెక్ గడ్డిమడి, గులాబీరంగు పూలు పూసే పశుగ్రాసం. ఇక్కణ్ణుంచి నీ గడ్డి ఎవడూ దొంగకోత కోయకుండా కాపలా కాస్తానురా అనేవాడు పెద్దకొడుకుతో. ఎసెన్‌కుల్ నవ్వి, నాన్న పక్క చోటు నాది, ముందే చెప్తున్నా, అనేవాడు. చిన్నకొడుకు గదా, పక్కలో పడుకునే అలవాటు పోలేదు. ఆ మాట ఊళ్ళో అందరికీ తెలుసు, ముల్లాగారికీ తెలుసు.

గుడారంలో ఆమెతో ఉన్నది ఇద్దరే. కూతురు మేరిమ్ ఏడ్చి ఏడ్చి అమ్మ భుజంమీద తల ఆనించి నిద్రపోయింది. రెండోది షార్బాన్ అత్త, మామగారి చెల్లెలు, నడుం వంగిపోయింది గానీ నోరు వంగలేదు. గుడారం ఆవిడదే. పొద్దున మగాళ్ళంతా గుడారం వెయ్యాలా వద్దా అని నసుగుతుంటే, నా అన్నకొడుకు గుడారం లేకుండా పోతే రేపు నేను పైకిపోయాక అన్నకి ఏం మొహం చూపిస్తానురా, ఎవుడు అడ్డమొస్తాడో రండి, అని కర్రలు తనే మోసుకురాబోయింది, సిగ్గుపడి వాళ్ళే మోసుకొచ్చారు. బయట పొయ్యిమీద నూనెలో పిండిముద్దలు వేయించమని పురమాయించింది కూడా ఆవిడే, ఆ వాసన పోయినవాడికి చేరుతుందట. ఆ వాసనకి తుర్సునైకి ఆకలేసింది. మొగుడు చచ్చిన రోజున ఆకలేంటని తన్ను తాను తిట్టుకుంది. ఎసెన్‌కుల్ అయితే దానికీ స్తోత్రం అనేవాడు.

"ఏడవ్వే," అంది షార్బాన్ అత్త. "లోపల శోకం లేకపోతే బయటోళ్ళకి ఎట్టా పుడుతుంది."

"రావట్లేదత్తా."

"వచ్చేదాకా కూర్చుంటే అయ్యే పనా? నోరు తెరువు, అదే వస్తది. నా ముగ్గురు మొగుళ్ళకీ అట్టాగే ఏడ్చాను. మూడోవాడికి అసలు ఏడుపే లేదు, ముండాకొడుకు. అయినా ఊరంతా మెచ్చుకున్నారు."

నోరు తెరిస్తే ఏం వస్తుందో తుర్సునైకి తెలుసు, అందుకే తెరవటం లేదు. స్తోత్రం. ఆ మాటమీద ఆమెకున్న కోపం ఇంకే మాటమీదా లేదు. పొయ్యిగొట్టం కూలి ఇల్లంతా మసి పట్టిననాడు ఎసెన్‌కుల్ మసి మొహంతో స్తోత్రం ప్రభువా అన్నాడు. ఆవు చచ్చిన దూడని ఈనిననాడు, ఆవు బతికింది స్తోత్రం అన్నాడు. పట్నంలో ఎవరింట్లోనో పదిమంది కూడి పాటలు పాడే చోటికి పోయి ఈసాని నమ్ముకున్నాడని తెలిసి, ఊరి నీరటి పని ఊడబెరికారు. ఇరవై ఏళ్ళు ఏ మడికి ఎంత నీరు, ఏ రాత్రి ఎవరి వంతు, ఏ తూము ఎంత ఎత్తాలి అని కాలువ గట్టునే బతికినవాడు. తూము తాళాలు పంచాయతీలో ఇచ్చేసి ఇంటికొచ్చి, ఇక రాత్రిళ్ళు నిద్రపోవచ్చే, స్తోత్రం, అని దిండు సర్దుకున్నాడు. ఆ రాత్రి ఆమె దిండు అందుకుని నెత్తిమీద నాలుగు బాదింది. దిండుతోనే. దిండుతో కొట్టినందుకు కూడా స్తోత్రమే అన్నాడు, గరిటె దొరకనందుకు. అంగడి గుల్‌సున్ మీకు రొట్టె అమ్మనంటే, నీ చేతి రొట్టె తిని ఎన్నాళ్ళైందో, అన్నాడు. కిటికీ అద్దంమీద రాయి పడితే, దానికి గొర్రెతోలు అడ్డం కట్టి, ఆ చలికాలమంతా పొయ్యి ఉన్న ఒక్క గదిలో ముగ్గురినీ పడుకోబెట్టి, చూశావా, ముగ్గురం ఒకే దుప్పట్లో, అన్నాడు. ఇట్లాంటి మనిషితో కాపురం చెయ్యడమెంత కష్టమో ఎవరికి చెప్పుకోను? తాగి కొట్టేవాడైతే నలుగురిలో చెప్పుకోవచ్చు. తృప్తిగా ఉండేవాడి మీద ఫిర్యాదు ఎవరు వింటారు? తను ఏడుద్దామని కూర్చుంటే పక్కనొకడు పళ్ళికిలించుకుని చాలు, ఇది చాలు అంటుంటే, ఏడవడానికి కూడా చోటు లేకుండా పోయేది ఆ ఇంట్లో. అప్పుడూ ఊపిరాడలేదు, ఇప్పుడూ ఆడటం లేదు.

ఆమె నమ్మలేదని కాదు. ఆమెకీ ఈసా అంటే ప్రేమే. పట్నం వెళ్ళినప్పుడల్లా ఆ చిన్నగదిలో, పియానో మీద గుడ్డ కప్పిన ఆ ఎమ్మా పెద్దమ్మ ఇంట్లో, కళ్ళు మూసుకుంటే ఎవరో చల్లటి చెయ్యి నుదుటిమీద పెట్టినట్టుండేది. చిక్కంతా చివర్న వచ్చేది. టీ పోసేముందు ఒక్కొక్కరూ లేచి ఆ వారం దేనికి కృతజ్ఞత చెప్పుకోవాలో చెప్పాలి, అది అక్కడి పద్ధతి. వంతు దగ్గరికొస్తున్నకొద్దీ ఆమె ఏం చెప్పాలా అని వెతుక్కునేది. లేచి, ఆరోగ్యానికి, కూతురికి, అని కూర్చునేది. ఎమ్మా పెద్దమ్మ ముసిముసిగా నవ్వి, పోయినసారీ అవేగా తల్లీ, ప్రభువు కొత్తవేమీ ఇవ్వలేదా, అనేది. ఎసెన్‌కుల్ లేస్తే కూర్చునేవాడు కాదు, టీ చల్లారిపోయేది. తిరిగొచ్చే బస్సులో ఓసారి అడిగేసింది. నిజం చెప్పు, పని పోయినందుకు నీకు సంతోషమా? లేదే, అన్నాడు. బస్సు కుదుపులకి ఇద్దరి తలలూ ఊగుతున్నాయి. పని పోయినందుక్కాదు, పోయేటప్పుడు ఆ ప్రభువు పక్కనుంటాడు గదా, దానికి. పక్కనుండేవాడు ఓ చెయ్యి వెయ్యొచ్చు గదా మరి, అంది. ఎసెన్‌కుల్ నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. అప్పటికి అది ఉత్త దగ్గే.

బూట్లు కదిలాయి. తీగతో కుట్టిన బూట్లు గుడారం చుట్టూ తిరిగి ఆమె కూర్చున్న చోటికి సరిగ్గా ఎదురుగా వచ్చి ఆగాయి. మోకాళ్ళు నేలకి దిగాయి. జుమాబెక్ మొహం సందులోకి రాలేదు, మరదలి మొహం చూడకూడదు గదా, గొంతొక్కటే వచ్చింది, పొగాకు వాసనతో.

"తుర్సునా."

"ఆఁ బావగారూ."

"ఒక్క మాటమ్మా. ఆఖర్న మన మతానికి తిరిగొచ్చి కలిమా చదివాడని చెప్పు. పక్కనున్నది నువ్వొక్కదానివే గదా, కాదనేవాడెవడూ లేడు. పెదాలు కదిలినయ్యని చెప్పు చాలు, మిగతాది ముల్లాగారు చూసుకుంటానన్నారు. పొద్దుగూకేలోగా నాన్న పక్కన పడుకోబెడదాం."

ఆమె మేరిమ్ తలని భుజంమీద సర్దుకుంది.

"వాణ్ణి లారీలో వేసి పంపలేనమ్మా. గొర్రెని పంపినట్టు." గొంతు సందుకి ఇంకా దగ్గరగా వచ్చింది. "నీ దేవుడు నిన్నేమీ అనడులే. క్షమిస్తాడంటగా, వాడే చెప్పేవాడు."

"ఆలోచిస్తాను బావగారూ."

"తొందరగా. లారీవాడు పోతానంటున్నాడు."

పెదాలు కదిలాయి, ఆ మాట నిజమే. అందులో అబద్ధం ఎక్కడుంది? కదిలాయి అంటే చాలు, దేనికి కదిలాయో ఎవరూ అడగరు. ఒక్క మాటకి ఎన్ని వస్తాయో చూడు. గుర్రాన్ని కోస్తారు. ఆడవాళ్ళు లోపలికొచ్చి మెడచుట్టూ చేతులు వేస్తారు. గుల్‌సున్ రొట్టె అమ్ముతుంది. మేరిమ్ బళ్ళో పక్కన ఎవరైనా కూర్చుంటారు. శుక్రవారం శుక్రవారం గుట్టకి నడిచిపోయి గోడ పక్కన కూర్చుని, చూశావా, నాన్న పక్కనే పెట్టించాను, నువ్వు స్తోత్రాలు చెప్పుకుంటూ కూర్చున్నావు, పని చేసింది నేను, అని దెప్పొచ్చు. దెప్పాలంటే మనిషి నడిచిపోయేంత దగ్గర్లో ఉండాలి గదా. పట్నందాకా పోయి దెప్పడం ఎట్లా? కానీ అప్పుడు ఆ గోరీలో పడుకునేది ఎవరు? ఊడిన పనీ, పగిలిన అద్దమూ, గొర్రెతోలు కట్టిన కిటికీ కింద ఆ నవ్వూ ఇవన్నీ ఉత్తిదే, ఆఖర్న బుద్ధి తెచ్చుకున్నాడు అని రాయిమీద చెక్కినట్టే. నాన్న పక్కన ఎవడో కొత్తవాడు పడుకుంటాడు, ఎసెన్‌కుల్ లారీ కూడా లేకుండా ఎక్కడికో పోతాడు. ఈ గోడకి కళ్ళప్పగించి కూర్చుంటే తల తిరుగుతోంది. అటు తిరిగితే శవం, ఇటు తిరిగితే కర్రల అల్లిక, లేవడానికి లేదు, మగాళ్ళున్న వాకిట్లోకి పోయి మాట్లాడటానికి లేదు, ఆయన పక్కనుంటాడన్నావే, ఏడీ, ఏ పక్క?

తెల్లవారుజామున కిటికీ తెరవమన్నాడు. కొత్త అద్దం ఇంకా వేయించలేదు, గొర్రెతోలే పక్కకి లాగింది. కొండమీది మంచు కరిగిన చలి లోపలికొచ్చింది. దగ్గు ఆగిపోయింది అప్పటికి, అదే భయంగా ఉంది ఆమెకి. ఎసెన్‌కుల్ చెవి ఒగ్గి విన్నాడు. వీధి కాలువలో నీళ్ళు వస్తున్నాయి, ముందు ఆకులు ఈడ్చుకుంటూ సన్నగా, తర్వాత నిండుగా. ఇరవై ఏళ్ళు విన్న చప్పుడు. ఈవేళ వంతు ఎవరిది, అనడిగాడు. మీ అన్నది, అంది. పెదాలు కదిలాయి. మంచిది, స్తోత్రం, అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. నిజంగా మండింది, చచ్చిపోతున్న మనిషి మీద, ఎందుకంటే వాళ్ళన్న వంతే ఆయన్ని చంపింది. చైత్రంలో మంచు కరిగే రోజులు, నీరు ఒక్కసారిగా దిగే రోజులు, తూము అంగుళం కూడా ఎక్కువ ఎత్తకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. జుమాబెక్ తన వంతు వచ్చిందని తూము మొత్తం ఎత్తేసి, పై ఊళ్ళో పెళ్ళివిందుకి పోయి కూర్చున్నాడు. గట్టు తెగింది. కొత్తగా వచ్చిన నీరటి తనింట్లో నిద్రపోతున్నాడు. ఎసెన్‌కుల్‌కి కాలువ చప్పుడు మారిందని మంచంలోనే తెలిసింది. పని పోయినవాడివి, నీకెందుకు, అని ఆమె చెయ్యి పట్టుకుంది కూడా. వెళ్ళాడు. మొలలోతు మంచునీళ్ళలో నిలబడి, గడ్డిచెక్కలు, రాళ్ళు, చివరికి తన కోటు కూడా పెట్టి గండి పూడ్చాడు. అన్న మడి నిలబడింది, కింది వీధి నిలబడింది. ఎసెన్‌కుల్ మళ్ళీ సరిగా నిలబడలేదు. పెళ్ళినుంచి తిరిగొచ్చిన జుమాబెక్‌కి సంగతి తెలిసింది, ఓ గొర్రెపిల్లని తోలించాడు, తను మాత్రం రాలేదు. తమ్ముడు మంచం పట్టినన్నాళ్ళూ గుమ్మందాకా వచ్చి, ఎలా ఉందని అడిగి, అటునుంచటే పోయేవాడు. ఆ తూము ఎత్తింది ఎవరో ఊళ్ళో మిగతా ఎవరికీ తెలియదు, ఎసెన్‌కుల్ చెప్పనివ్వలేదు.

"తుర్సునా," షార్బాన్ అత్త మోచేత్తో పొడిచింది. "ముల్లా లారీవాడికి సైగ చేశాడు. ఆ లారీ తలుపు తీసే చప్పుడు విన్నావా? చెప్పేదేదో ఉంటే ఇప్పుడే."

"చెప్పాలంటే ఎట్టాగత్తా? బయటికి పోకూడదుగా."

"ఎందుకు పోవడం? శోకం ఎత్తుకో. మొగుడు పోయినదాని శోకానికి ఎవడూ అడ్డం రాకూడదు, రాజైనా ముల్లా అయినా అది అయ్యేదాకా తల దించుకుని వినాల్సిందే. నా రెండో మొగుడి తమ్ముళ్ళు మూడు ఆవులు మింగేస్తే ఆ సంగతి శోకంలో పెట్టాను. మర్నాడే తోలుకొచ్చి కట్టేశారు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఎవడూ అడ్డం రాకూడదు. అయితే ఆ పేరు పెడతాను. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా నోటితో పలకని పేరు, ఇంటి కోడలు బావగారి పేరు పలకకూడదు గదా, పెద్దాయన అనో ఆ ఇంటాయన అనో పిలిచిన పేరు, ఈవేళ ఊరందరిముందు పలుకుతాను. జుమాబెక్. తూము ఎత్తేసి పోయినవాడు, తమ్ముణ్ణి నీళ్ళలో నిలబెట్టినవాడు, ఇప్పుడు అబద్ధమాడించి ఆ నీళ్ళని కడిగేసుకోవాలని చూస్తున్నవాడు. రేపట్నుంచి వాకిట్లోకి ఎవరూ తొంగిచూడకుండా చేస్తాను వాడి ఇంటికి, మాకు చేసినట్టే. ఆ పేరు నాలుక చివరికొచ్చింది, వెచ్చగా ఉంది, తియ్యగా కూడా ఉంది. ఆమె నోరు తెరిచింది. షార్బాన్ అత్త అన్నట్టే అదే వచ్చింది, సన్నగా మొదలై, ఎవరి గొంతో అన్నట్టు.

కాలువ గట్టున నడిచినోడా, కాలు తడవని పొద్దు లేనోడా,
ఊరందరి మళ్ళకీ నీళ్ళు పంచి, ఒట్టి చేతుల ఇంటికొచ్చినోడా,
ఎవరి తూము తెరిచుందని లేస్తివో, ఎవరి గండికి అడ్డం పడితివో...

వాకిట్లో మాటలు ఆగిపోయాయి. లారీ ఇంజను కూడా ఎవరో ఆపించారు. సందులోంచి చూస్తోంది ఆమె. తీగబూట్లు పారిపోబోయినట్టు ఓ అడుగు వెనక్కి వేసి అక్కడే ఆగిపోయాయి. పక్కనే ముల్లాగారి రబ్బరు జోళ్ళు ఆ బూట్లవైపు తిరిగాయి. వాడికి తెలుసు ఏం రాబోతోందో. ఎదురుచూస్తున్నాడు. పొద్దున్నుంచీ కాదు, చైత్రం నుంచీ ఎదురుచూస్తున్నాడు, అందుకే గుమ్మం దాటి రాలేదు, అందుకే ఆ కర్ర నేలకి ఆనించలేకపోయాడు. ఏ మొహంతో తమ్ముడా అంటాడు? నేను ఈ గోడకి మొహం పెట్టి కూర్చున్నట్టే వాడూ కూర్చున్నాడు ఇన్నాళ్ళూ, వాడి గోడ వాడికుంది. ఎసెన్‌కుల్‌కి ఈ సంగతి తెలుసా? తెలిసే అడిగాడా, వంతు ఎవరిదని? తెలిసే అన్నాడా, మంచిది అని? ఆ పేరు నాలుక మీద అలాగే ఉంది. ఆమె దాన్ని మింగింది. గొంతులో గుచ్చుకుంటూ దిగింది.

కలిమా చదివాడని చెప్పమన్నారు, చదవలేదని చెప్తున్నా వినండి,
తెల్లారుజామున నీళ్ళ చప్పుడు వింటివి, వంతు ఎవరిదని అడిగితివి,
మీ అన్నది అంటే మంచిదంటివి, నీ ప్రభువుకి స్తోత్రమంటివి,
అదే నీ ఆఖరి మాట, నేనొకటి కలపను, ఒకటి తీయను.
గుడారమిచ్చిన అత్తకి నీ బదులు దణ్ణం పెడతాను,
లారీ తెచ్చినోడికీ పెడతాను, దారిలో మెల్లగా తోలమంటాను,
ఏ మట్టి అయినా చాలంటావు నువ్వు, నాకు తెలుసు,
నాకు చాలదయ్యా, నాకు ఇక్కడే కావాలి, నేను నీలాంటిదాన్ని కాదు.

ఆ మాటతో శోకం ఆపింది. మేరిమ్ లేచి అమ్మని పట్టుకుంది. బయట గుర్రం ఒక్కటే తోక విసురుతోంది. అంతే, అయిపోయింది, ఇక లారీయే, అనుకుంది తుర్సునై. నిజం చెప్పాను, చోటు పోయింది. నిజం చెబితే తేలిగ్గా ఉంటుందన్నది ఎవరు? రాయిలా ఉంది. దీనికెలా చెప్పాలయ్యా స్తోత్రం, నువ్వైతే ఎలా చెప్పేవాడివి, అని వెనక్కి, తెరవైపు, మనసులోనే అడిగింది.

అప్పుడు కర్రమొన దిగింది. సందులో, బూట్ల పక్కన, మట్టిలో వేలెడు లోతు గుచ్చుకుని నిలబడింది. ఆ వెనకే కేక వచ్చింది. ముసలి గొంతు, పొగాకు గొంతు, వాడుక లేక తుప్పుపట్టిన గొంతు.

"నా తమ్ముడా, నా చిన్నోడా... నా తూమురా అది, నా తూము, నేను ఎత్తేసి పోయిన తూము... నీళ్ళలో నువ్వు నిలబడ్డావురా, మాంసం తింటూ నేను కూర్చున్నానురా..."

కేక మీద కేక. మగాళ్ళు ముందు బిత్తరపోయారు, తర్వాత ఒక్కొక్కరే నడుములకి గుడ్డలు బిగించారు, బూట్లన్నీ గుడారం గుమ్మంవైపు తిరిగాయి, ఏడుపు అందుకున్నారు. ఆ సందడిలోంచి ముల్లాగారి గొంతు వినబడింది, నెమ్మదిగా, ఏం చేయను జుమాబెక్, అయినా గుట్టలో మాత్రం చోటు ఇవ్వలేను, అంటూ.

"గుట్టలో వద్దులెండి," అన్నాడు జుమాబెక్, ముక్కు చీదుకుని. "గోడకి ఇవతలిది నా మడి. నాన్న అవతల, వీడు ఇవతల. నా మడిలో నా తమ్ముణ్ణి పెట్టుకోవడానికి ఎవర్ని అడగాలి నేను? మిమ్మల్నా?"

రబ్బరు జోళ్ళు కాసేపు అక్కడే ఉండి, నీ ఇష్టం, అని పక్కకి జరిగాయి. లారీ ఖాళీగా వెళ్ళిపోవడం వినబడింది. గుడారం గుమ్మం దగ్గర తెర లేచి, ఆడవాళ్ళు లోపలికొచ్చారు. ఎవరో వెనకనుంచి తుర్సునై మెడమీద బరువుగా పడి ఏడ్చారు, పిండివాసన, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చే తీరు, వెనక్కి చూడకుండానే పోల్చుకుంది. అంగడి గుల్‌సున్. చెయ్యి వెనక్కి చాచి ఆ చేతిని పట్టుకుంది, ఎందుకు పట్టుకుందో తెలియదు, ఇంకా క్షమించలేదు కూడా, అయినా పట్టుకుంది. ఇంకొకరు పడ్డారు, మరొకరు. రేపట్నుంచి కిటికీ అలాగే ఉంటుంది, మేరిమ్ బళ్ళో ఒంటరిగానే కూర్చోవచ్చు, మట్టిగోడ మట్టిగోడే, తండ్రీకొడుకుల మధ్య అది కూలదు. కాళ్ళ తిమ్మిరి ఇంకా తగ్గలేదు. ఆ ఏడుపులన్నిటి అడుగునుంచి, గుట్టవైపునుంచి, మరో చప్పుడు వస్తోంది. సుయ్, సుయ్ మని. పొడుగుపిడి కొడవలి గడ్డిలో ఆడే చప్పుడు. పూత మీదున్న గడ్డిని ఎవరూ కోయరు, ఇంకా నెలరోజులకి గానీ కోతకి రాదు. జుమాబెక్ కోస్తున్నాడు, గోడ పక్కన, తమ్ముడు పట్టేంత మేర.

పెదాలు కదిలాయి. షార్బాన్ అత్త చెవి దగ్గరికొచ్చింది.

"ఏమంటున్నావే?"

"స్తోత్రం."

"దేనికే?"

"గడ్డి కోస్తున్నారత్తా," అంది తుర్సునై.